పోతే పోయిందట!

పోయిన ఏడాది జులైలో మా ఇంట్లో "పోతే పోయిందిలే" అన్న మాట మూడుసార్లు వినబడింది. మొదట మా వారు అన్నారు. తర్వాత మా వదిన, అంటే మా పెద్ద ఆడపడుచు, షార్జా నుంచి ఫోన్లో అంది. మూడోసారి మా అమ్మ కూడా అదే మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది. పోయింది ఎవరిదమ్మా? తెనాలి దగ్గర నాన్న నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం అమ్మగా వచ్చిన డబ్బది. నా డబ్బు పోతే పోయిందనడానికి వీళ్ళందరికీ అంత సులువుగా నోరెలా వచ్చిందా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సంగతి మొదటి నుంచీ చెప్తాను. మీలో కొంతమంది ఇళ్ళల్లో ఇలాంటి సంబరం ఇప్పుడు నడుస్తూ ఉండొచ్చు.

మే నెలలో మా వారు హైదరాబాదులో ఒక స్టార్ హోటల్లో జరిగిన దుబాయ్ ఇళ్ళ మేళాకి వెళ్ళొచ్చారు. అన్నయ్యగారు (వదిన భర్త) చెప్పిన ఏజెంటే దగ్గరుండి అన్నీ చూపించాడట. భోజనం బాగుందట. ఇంటి నమూనా అద్దాల పెట్టెలో పెట్టి లోపల లైట్లు వేశారట. ధర తొమ్మిది లక్షల దిర్హమ్‌లు, ఇంకా కట్టని ఇల్లు, నెలనెలా కట్టుకోవచ్చు, అద్దె మీద పన్ను లేదు, పైగా గోల్డెన్ వీసా! (ఆ వీసాకి ఇరవై లక్షల దిర్హమ్‌ల ఆస్తి ఉండాలని నాకు తర్వాత తెలిసింది. మాది అందులో సగం కూడా కాదు.) ఈ వారంలో నలభై వేల దిర్హమ్‌లు కట్టి బుక్ చేసుకుంటే రేటు మారదు అన్నాడు ఏజెంటు. ఈ వారం దాటితే మారిపోయే రేట్లు నేను చీరల కొట్లో కూడా చూశాను కానీ, ఆయన ఉత్సాహం చూసి ఏమీ అనలేకపోయాను. తప్పు నాదీ ఉంది.

నలభై వేల దిర్హమ్‌లంటే అప్పటి రేటుకి మన డబ్బులో 9 లక్షల 40 వేల పైచిలుకు. అది నా ఖాతా నుంచి వెళ్ళాలన్నారు. ఎందుకంటే విదేశాలకి డబ్బు పంపితే ఏడాదికి ఒక మనిషికి 10 లక్షల రూపాయల దాకానే మినహాయింపు. అది దాటితే ఇలాంటి కొనుగోళ్ళకి బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. ఆ పట్టుకున్నది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుందనుకోండి, కానీ అప్పటిదాకా అంత డబ్బు చేతిలో లేనట్టే. మా వారు ఆ ఏడాది తన పరిమితి వేరే పనికి కొంత వాడేశారు. నా పరిమితి అంతా అలాగే ఉంది. నా పేరున ఒక పరిమితి ఉందన్న సంగతి కూడా నాకు ఆ రోజే తెలిసింది.

బ్యాంకులో ఎ-2 అనే ఫారం ఇచ్చారు. విదేశంలో స్థిరాస్తి కొనడానికి ఈ డబ్బు పంపుతున్నాను, ఇది నా సొంత డబ్బే అని నేను ధ్రువీకరిస్తున్నట్టు అందులో ఉంది. ఎక్కడ సంతకం పెట్టాలో మా వారు వేలు పెట్టి చూపించారు, నేను పెట్టాను. ఆ తర్వాత ఏజెంటు ఫోన్లో పంపిన బుకింగ్ ఫారం మీద మొదటి కొనుగోలుదారుగా నా పేరు, రెండో పేరు ఆయనది. అక్కడా పెట్టాను. బి.ఏ. తెలుగు చదివి, పేజీలకి పేజీలు వ్యాఖ్యానాలు చదివి పరీక్షలు రాసిన దాన్ని, ఆరు పేజీల ఫారం చదవకుండా సంతకం పెట్టాను. రేషన్ షాపులో సరుకు తూకం చూసుకోకుండా ఇంటికి రాని మనిషిని నేను.

రెండు వారాలకి అసలు అగ్రిమెంటు ముసాయిదా వచ్చింది. వాళ్ళు దాన్ని ఎస్‌పీఏ అంటారు. అరవై పేజీలు. దానితోపాటు ఒక చిట్టా. నెలలోపు మొత్తం ధరలో 20 శాతం పూర్తి కావాలి, అది కాక దుబాయ్ భూమి శాఖకి రిజిస్ట్రేషన్ ఫీజు 4 శాతం. లెక్క వేశాను. లక్షా ఎనభై వేలలో మేం కట్టిన నలభై పోగా లక్షా నలభై వేలు, ఫీజు ముప్ఫై ఆరు వేలు. కలిపి లక్షా డెబ్భై ఆరు వేల దిర్హమ్‌లు. నలభై లక్షల రూపాయల పైమాటే, నెల రోజుల్లో! "నెలనెలా" అన్న వాయిదాలు ఆ తర్వాత మొదలవుతాయట.

మా వారు ఉన్న ఇంటి మీద లోను తీసుకుందాం అన్నారు. బ్యాంకు మేనేజరు నిజాయితీపరుడు. ఎందుకు లోను అని అడిగి, దుబాయ్ ఇంటికని చెప్పగానే తల అడ్డంగా ఊపాడు. విదేశంలో ఆస్తి కొనడానికి ఈ పథకం కింద డబ్బు పంపుకునే వాళ్ళకి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉందట. వేరే కారణం రాయించి తీసుకుంటే అది అబద్ధం. ఆగస్టులో మా వాడి ఇంజనీరింగ్ ఫీజు ఉంది. ఇక మా దగ్గర ఏం మిగిలింది? వద్దనుకోవడమే.

ఇక్కడి నుంచే అసలు కథ. వద్దు అని అనుకోవడానికి మా వారికి ఒక పూట పట్టింది. ఇచ్చిన డబ్బు తిరిగి అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నారు. అన్నయ్యగారి మాట మీద వెళ్ళారు కాబట్టి గట్టిగా అడిగితే ఆయన్ని అవమానించినట్టు. ఏజెంటేమో "బుకింగ్ డబ్బు రాదు సార్, ఫారంలో ఉంది, కావాలంటే ఇంకో ప్రాజెక్టులోకి మారుద్దాం" అని ఒక్క మెసేజి పెట్టి, ఆ తర్వాత ఫోనెత్తడం మానేశాడు. వదినైతే, "మీ అన్నయ్యగారికి అక్కడ పదిమందిలో తిరగాల్సిన అవసరం ఉంది, కంప్లయింట్లు అవీ పెట్టకండి" అంది. నేను "సరే వదినా" అని ఫోను పెట్టేశాను. సరే అన్నానే గానీ మనసు ఒప్పుకోలేదు.

మన ఇళ్ళల్లో ఇది నాకు ఎప్పుడూ అర్థం కాని విషయం. కొనేటప్పుడు పదిమందికి చెప్పడం గొప్ప. వెనక్కి తగ్గి మన డబ్బు మనం అడగడం చిన్నతనం. కూరగాయల దగ్గర అయిదు రూపాయలు బేరమాడే ఆడదాన్ని చూసి నవ్వే మగవాళ్ళు, తొమ్మిది లక్షలు వదిలేసి హుందాగా ఉన్నామనుకుంటారు. మా వారు చెడ్డవారు కాదు. ఆయన బాధ నాకు తెలుసు. తన తొందర వల్ల జరిగిందన్న సిగ్గు ఆయనకి ఉంది. కానీ ఆ సిగ్గు ఖరీదు నా పొలమెందుకు కావాలి?

మర్నాడు పొద్దున్న వంట అయ్యాక ఆ కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఇంగ్లీషు రాదనేం కాదు, కానీ లాయరు ఇంగ్లీషు వేరు. ఒక్కో వాక్యాన్నీ పద్యానికి అన్వయం చేసినట్టు, కర్త ఏది, క్రియ ఏది, ఎవరు ఎవరికి ఏం చెయ్యాలి అని విడగొట్టుకుంటూ తెలుగులో నోటు పుస్తకంలో రాసుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. చదువు వృథా పోలేదని ఆ నాలుగు రోజుల్లోనే అనిపించింది.

అన్నట్టు, ఈ డబ్బుకి మన పాత తెలుగులో "సంచకారం" అనే మాట ఉంది. బేరం ఖాయం అనడానికి ముందుగా ఇచ్చే సొమ్ము. ఇప్పుడు అందరం "బయానా" అంటాం. కొన్నవాడు వెనక్కి పోతే బయానా పోతుంది అన్నది మన ఊళ్ళల్లో పెద్దల మాట. అది సరే. కానీ అదే పెద్దలు ఇంకో మాట కూడా అనేవాళ్ళు. అమ్మేవాడు చూపించిన పొలం ఒకటి, రాయబోయే పొలం ఇంకొకటి అయితే బయానా వెనక్కి ఇవ్వాల్సిందే. ఏజెంటు మొదటి సగమే చెప్పాడు.

నాకు కావలసింది ఆ రెండో సగంలోనే దొరికింది. బుకింగ్ ఫారంలో ఇల్లు అప్పగించేది 2027 చివరికి అని ఉంది. అగ్రిమెంటు ముసాయిదాలో 2028 మధ్యకి అని ఉంది. దాని మీద ఇంకో పన్నెండు నెలలు ఆలస్యం చేసుకునే హక్కు వాళ్ళకి ఉందట. ఫారంలో పధ్నాలుగో అంతస్తు, ముసాయిదాలో ఆరో అంతస్తు. చదరపు అడుగులు కూడా ఓ ముప్ఫై తక్కువ. ఫారం మీద మా సంతకాలు ఉన్నాయి, కంపెనీ వాళ్ళు సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది.

ఇంకొకటి. దుబాయ్‌లో 2007లో వచ్చిన 8వ నంబరు చట్టం ప్రకారం, ఇంకా కట్టని ఇళ్ళ కోసం కొనేవాళ్ళు ఇచ్చే డబ్బు ఆ ప్రాజెక్టు పేరున ఉన్న ఎస్క్రో ఖాతాలోకి వెళ్ళాలి. అంటే బిల్డరు తన ఇష్టానికి వాడుకోకుండా, ఆ ఒక్క కట్టడానికే ఖర్చుపెట్టేలా విడిగా ఉంచే ఖాతా. నేను బ్యాంకు ఇచ్చిన స్విఫ్ట్ కాగితం తీసి చూశాను. మా డబ్బు వెళ్ళింది కంపెనీ మామూలు ఖాతాకి. ప్రాజెక్టు పేరు లేదు, ఎస్క్రో అన్న మాట లేదు.

ఇవి చదువుతున్నప్పుడే ఒక విషయం తెలిసి నాకు చెమటలు పట్టాయి. కట్టని ఇళ్ళ కొనుగోళ్ళ గురించి అక్కడ 2008లో వచ్చిన 13వ నంబరు చట్టం ఒకటుంది, తర్వాత సవరించారు. అగ్రిమెంటు రిజిస్టరయ్యాక కొన్నవాళ్ళు కట్టలేకపోతే ఏమవుతుందో అందులో ఉంది. భూమి శాఖ 30 రోజుల నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే, పని 60 శాతం లోపు ఉన్న ప్రాజెక్టులో బిల్డరు ఒప్పందం రద్దు చేసి ఇంటి విలువలో 25 శాతం దాకా ఉంచుకోవచ్చు. పని అంతకన్నా ముందుకు వెళ్ళి ఉంటే 40 శాతం దాకా. మనం కట్టిన దాంట్లో కాదండీ, ఇంటి విలువలో! మా తొమ్మిది లక్షల ఇంటికి 25 శాతమంటే రెండు లక్షల పాతిక వేల దిర్హమ్‌లు. అంటే మొహమాటపడి, అప్పో సప్పో చేసి ఆ 20 శాతం కట్టి సంతకం పెట్టి, ఆరు నెలల తర్వాత చేతులెత్తేసి ఉంటే కట్టిందంతా తుడిచిపెట్టుకుపోయేది. వెనక్కి తగ్గాలంటే బుకింగ్ దగ్గరే తగ్గాలి. ఆ తర్వాత ప్రతి మెట్టూ ఖరీదే. "ఇంత దూరం వచ్చాం, ఇంకొంచెం సర్దుదాం" అని మా వారితో అన్న స్నేహితుడికి ఈ లెక్క చూపించాలనుంది.

ఉత్తరం మొదట తెలుగులోనే రాసుకున్నాను. తిట్లు లేవు, ఏడుపు లేదు. మా అత్తగారి ఆరోగ్యం, పిల్లవాడి ఫీజు, ఇవేవీ రాయలేదు. "మాకు కష్టం వచ్చింది, దయచేసి ఇవ్వండి" అని రాస్తే వాళ్ళు దయ చూపించడమో మానడమో చేస్తారు. మన వైపు న్యాయం ఉన్నప్పుడు దయ అడగడమెందుకు? ఫారంలో ఉన్నదిదీ, ముసాయిదాలో ఉన్నదిదీ, తేడాలు ఇవీ. మీరు పంపిన ఒప్పందం మేం బుక్ చేసుకున్న ఇంటిది కాదు కాబట్టి సంతకం పెట్టడం లేదు. డబ్బు ఎస్క్రో ఖాతాకి ఎందుకు వెళ్ళలేదో చెప్పండి. నలభై వేల దిర్హమ్‌లు ఏ ఖాతా నుంచి వచ్చాయో ఆ ఖాతాకే పద్నాలుగు రోజుల్లో పంపండి, లేకపోతే దుబాయ్ భూమి శాఖకి ఫిర్యాదు చేస్తాను. ఇంతే. మా వాడు దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. "అమ్మా, నువ్వు ఇంత గట్టిగా రాస్తావా?" అన్నాడు. ఏజెంటుకి కాదు, కంపెనీకి నేరుగా, నా మెయిల్ నుంచి, కాగితాలన్నీ జతచేసి పంపాను.

మా వారికి పంపాకే చెప్పాను. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

జవాబు రాలేదు. పద్నాలుగు రోజులు, ఇరవై, నెల. ఆగస్టులో మళ్ళీ పంపాను. "మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది" అని ఒక మెయిలు వచ్చింది, పంపిన మనిషి పేరు కూడా లేదు. ఒక లాయరుని అడిగితే, అక్కడి కోర్టుకి వెళ్ళాలంటే కాగితాలన్నీ అరబిక్‌లోకి అనువాదం చేయించాలి, మన తరఫున మాట్లాడే వాళ్ళకి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి అంచెలంచెలుగా ముద్రలు వేయించుకోవాలి, ఖర్చులు పోగా మిగిలేది ఆలోచించుకోండమ్మా అన్నాడు. ఫీజు తీసుకోకుండా నిజం చెప్పినందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి. సెప్టెంబరులో మూడో మెయిలు పంపాను. అందులో కొత్త మాటలేమీ లేవు, భూమి శాఖకి పెట్టబోయే ఫిర్యాదు పూర్తిగా రాసి జతచేశాను, తేదీ ఒక్కటే ఖాళీ వదిలి. ఆరో రోజున ఫోను వచ్చింది.

ఫోన్లో ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ముందు ఇంకో ఇల్లు ఇస్తామంది. తర్వాత సగం వెనక్కి ఇస్తామంది. "మీరు చెప్పింది మెయిల్లో రాయండమ్మా" అన్నాను. నేను నేర్చుకున్న ఒకే ఒక్క యుక్తి అది. ఎవరేం అన్నా రాసి పంపమనడం. రాసేసరికి సగం కాస్తా ముప్ఫై ఆరు వేలు అయింది. నాలుగు వేలు కార్యాలయ ఖర్చులట.

ఇక్కడ ఇంకో పేచీ. అన్నయ్యగారు, "ఆ డబ్బు నా షార్జా ఖాతాలో వేయించండి, తర్వాత సర్దుకుందాం, బ్యాంకు చార్జీలు మిగుల్తాయి" అన్నారు. మా వారు సరేననబోయారు. నేను ఒప్పుకోలేదు. ఆస్తి కొనడానికని నేను సంతకం పెట్టి పంపిన డబ్బది. కొనకపోతే, మళ్ళీ అలాంటి పెట్టుబడిలోనే పెట్టకపోతే, చేతికి వచ్చిన 180 రోజుల్లో దేశానికి తెచ్చుకోవాలని ఫెమా నిబంధన. ఇంకొకరి ఖాతాలో వేయిస్తే రేపు లెక్క అడిగినప్పుడు సమాధానం చెప్పాల్సింది అన్నయ్యగారు కాదు, నేను. ఈ మాట ఎలా చెప్పినా పొగరుగానే వినిపిస్తుందని తెలుసు. అలాగే వినిపించింది కూడా.

నవంబరు చివర్లో డబ్బు నా ఖాతాలో పడింది. ఈ లోపల రూపాయి తగ్గింది కాబట్టి, నాలుగు వేల దిర్హమ్‌లు పోయినా రూపాయల్లో నష్టం నేను భయపడినంత లేదు. అది నా తెలివి కాదు, డాలరు దయ. బ్యాంకు వాళ్ళు ఈ డబ్బు దేనిదని అడిగితే పాత ఎ-2 ఫారం నకలు, కంపెనీ మెయిలు చూపించాను. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. కాగితాలు అన్నీ ఒక ఫైల్లో ఉండబట్టి.

మన దగ్గరా ఇళ్ళు బుక్ చేసుకునేటప్పుడు రెరా చట్టం ప్రకారం అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతం కన్నా ఎక్కువ తీసుకోకూడదు, కొన్నవాళ్ళు కట్టిన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. ఎక్కడైనా చట్టం ఉంటుంది. మనం కాగితం తీసి చదివితేనే అది మన పక్కకి వస్తుంది. అయినా నన్ను ఎక్కువ కలవరపెట్టింది దుబాయ్ కంపెనీ కాదు. పన్ను మిగులుతుందనో, స్టాంపు డ్యూటీ తగ్గుతుందనో ఆస్తులు మన పేర్ల మీద పెడతారు. పేరు మనది, నిర్ణయం వాళ్ళది. వద్దనుకున్నప్పుడు వదిలేసే నిర్ణయం కూడా వాళ్ళదే. మా పక్క వీధిలో ఒకావిడ పేరున మూడు స్థలాలు ఉన్నాయి, ఎక్కడెక్కడో ఆవిడకి తెలీదు. సంతకం పెట్టే ముందు చదవడానికి రెండు రోజులు కావాలి అని అడిగితే అది మొగుణ్ణి అనుమానించినట్టు కాదు. అడిగి చూడండి, మొదట కోపం వస్తుంది వాళ్ళకి. తర్వాత తగ్గుతుంది. మా వారికి తగ్గడానికి సంక్రాంతి దాకా పట్టింది. పండక్కి వచ్చిన తన స్నేహితుడితో, "మా ఆవిడ రాబట్టిందయ్యా" అని చెప్తుంటే వంటింట్లోంచి విన్నాను. వదిన మాత్రం ఇంకా పొడిపొడిగానే మాట్లాడుతోంది. పండక్కి అరిసెలు పంపితే తీసుకుంది, అదే పదివేలు.

డబ్బు నా పేరున ఫిక్స్‌డ్ వేశాను. ఆ నాలుగు వేల దిర్హమ్‌లు ఏ ఖర్చులకో వివరం పంపమని జనవరిలో ఇంకో మెయిలు పెట్టాను. "వదిలెయ్యొచ్చు కదా" అన్నారు మా వారు నవ్వుతూ. ఇంకా జవాబు రాలేదు. వచ్చే సోమవారం మళ్ళీ పెడతాను.